నిమ్మపచ్చ కోటు

బజారు చివర కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ అమ్మాయికి ఏడో నెల దాటాక అరచేతులు దురద పెట్టడం మొదలైంది. తర్వాత అరికాళ్లు. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు గానీ, దువ్వెనతో గోక్కుంటే తప్ప కునుకు పట్టేది కాదు. కడుపుతో ఉన్నప్పుడు చర్మం సాగుతుంది, ఇదంతా మామూలేనంటూ అత్తగారు నూనె రాసేది.

ఆ రోజుల్లోనే ఆమె ముట్టుకున్న తెల్లబట్టలన్నీ నిమ్మపండు రంగుకి తిరగసాగాయి. బడిపిల్లల చొక్కాలు, దిండు గలీబులు, ఏది కుట్టినా అంతే. ఉతికితే రంగు ఇంకా తేటపడేది. ఎవరూ పేచీ పెట్టలేదు. ఈసారి పసుపుగా వచ్చాయన్నమాట అనుకుంటూ మడతపెట్టుకుని పోయేవాళ్లు.

కాన్పుల డాక్టరమ్మ తన కొత్త తెల్లకోటు తీసుకెళ్దామని వచ్చింది. నిమ్మపచ్చగా ఉన్న కోటు తొడుక్కుని, భుజాలు బాగా కుదిరాయంది. అద్దంలో చూసుకుంటూ చూసుకుంటూ ఆగిపోయింది.

"అరచేతులు దురద పెడుతున్నాయా?"

దర్జీ అమ్మాయి చేతులు కొంగులో దాచుకుంది.

"మొదటి కాన్పులోనూ పెట్టాయా?"

ఆ మొదటి బిడ్డ నెలలు నిండబోతుండగా, ఉన్నట్టుండి కడుపులో కదలడం మానేసి, ప్రాణం లేకుండానే పుట్టింది.

"పెట్టాయి," అంది ఆమె నెమ్మదిగా. "ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు."

ఆ పూటే రక్తం తీశారు. అనుమానం నిజమైంది. కాలేయంలోంచి పిత్తం సరిగా పారక రక్తంలో చేరుతోందనీ, తల్లికి దురదతో పోతుంది గానీ బిడ్డకే ముప్పనీ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. మాత్రలిచ్చింది. వారం వారం రక్తపరీక్ష, బిడ్డ గుండె చప్పుడు వినడం. దురద కాస్త తగ్గింది. రక్తంలో పిత్తం మాత్రం పెరుగుతూనే ఉంది. నొప్పుల కోసం ఎదురుచూడకుండా ముందే కాన్పు చేద్దామంది.

అత్తగారు డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "నెలలు నిండకుండా పుడితే నిలుస్తుందా తల్లీ?"

"ఇప్పుడు భయం లోపల ఉంటేనే. బయటికొచ్చాక నేను చూసుకుంటాను."

మందు ఎక్కించి నొప్పులు తెప్పించారు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీద పడే వేళకి ఆడపిల్ల పుట్టింది. ఉడతంత ఉంది. ఏడుపు మాత్రం వరండా చివరిదాకా వినిపించింది.

బిడ్డని తూకం వేస్తూ నర్సు, తొలిచూలా అని అడిగింది.

దర్జీ అమ్మాయి నోరు విప్పేలోపే అత్తగారు ముందుకొచ్చి మనవరాలి కాలు పట్టుకుంది.

"కాదమ్మా," అంది. "ఇది మాకు రెండోది."