రాశి సగంలో

మూడు దెబ్బలు. మొదటి దెబ్బకు కొబ్బరికాయ, నేలలో నిలువునా పాతిన గునపం మొనమీద దిగుతుంది. రెండో దెబ్బకు పైడొక్క విచ్చుకుంటుంది. మూడో దెబ్బతో మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే పీచు బర్రున చిరిగి, కాయ పిలకతో సహా చేతిలో మిగులుతుంది. దాన్ని ఎడమవైపు గుట్టలోకి విసిరి, కుడిచేత్తో రాశిలోంచి ఇంకో కాయ అందుకుంటాడు సాలమోను. అతని చూపు మాత్రం వీటిలో దేనిమీదా ఉండదు. రేకుల చూరు అవతల ఎక్కడో, ఎవరూ లేని చోట నిలిచి ఉంటుంది.

నలభై ఆరేళ్ల మనిషి. పొట్టి. కుడిభుజం ఎడమదానికంటే కిందికి వాలి, నడుస్తుంటే కనపడని బరువేదో మోస్తున్నట్టుంటాడు. పచ్చి డొక్క వగరు ఏళ్ల తరబడి ఇంకి, అరచేతులు ఏ సబ్బుకూ లొంగని ముదురు గోధుమరంగుకు తిరిగాయి. వేలిముద్రలు అరిగిపోయాయి. రేషను మిషను ఇప్పటికి మూడుసార్లు అతను సాలమోను కాదని తేల్చింది.

పనిలో చేతులకు ఖాళీ లేకపోయినా బుర్రకు కావలసినంత ఖాళీ. ముక్తేశ్వరం దగ్గర నాగదుర్గాప్రసాద్ గారి కాయల షెడ్డులో పంతొమ్మిదేళ్లుగా ఆ ఖాళీలో అతను ఎవరో ఒకరితో వాదిస్తూనే ఉన్నాడు. పొలం గట్టు జరిపిన పక్కింటివాడితో, చెల్లెలి పెళ్లిలో తనను పలకరించని బావమరిదితో, రేషను మిషనుతో. అన్ని వాదనలూ అతనే గెలిచాడు. ఒక్కటీ పైకి అనలేదు.

పది రోజులుగా వాదన భవానీదేవి మేడంతో. ఆమె అతని కూతురు ఝాన్సీకి క్లాసు టీచరు. తొమ్మిదో తరగతి. ఆమె ముఖం ఎలా ఉంటుందో అతనికి తెలియదు. చేతిరాత తెలుసు.

ఆ రోజు పెన్ను కోసం ఝాన్సీ సంచి వెతుకుతుంటే అడుగున అట్టల మధ్య దాచిన ప్రోగ్రెస్ కార్డు దొరికింది. మార్కులు బాగానే ఉన్నాయి. తండ్రి సంతకం పెట్టాల్సిన గడి ఖాళీగా ఉంది. దాని పైన ఎర్రసిరాతో ఒక వరుస. ఐదు దాకా చదివినవాడు గనక కూడబలుక్కున్నాడు. 'తల్లిదండ్రులకు పిల్ల చదువుమీద శ్రద్ధ లేదు.'

"అందరికీ అదే రాస్తారు నాన్నా. మీటింగుకి రానోళ్లందరికీ" అంది ఝాన్సీ, పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఆ తలెత్తకపోవడం దగ్గరే అతని మనసు ఆగిపోయింది. ఎదుటివాళ్ల మాటల్లో అర్థాలు వెతకడం అతనికి చేతకాదు. మనిషి ఎక్కడ చూడటం మానేస్తాడో మాత్రం ఇట్టే తెలిసిపోతుంది.

బడిలో తల్లిదండ్రుల మీటింగు ఎప్పుడూ పనిరోజునే, పదకొండింటికి. ఇవాళా ఉంది. జ్ఞానమ్మ, అతని భార్య, రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి చీకటితోనే వ్యానెక్కుతుంది. ఆ వ్యాను సాయంత్రం దాకా మనిషిని వెనక్కి దింపదు. ఇక మిగిలింది తను. తనకేమో షెడ్డు కట్టుబాటు.

రేకుల నీడ కింద ఆరు చోట్లున్నాయి. ఎవరి గునపం వాళ్లే మోకాలి లోతు పాతుకోవాలి. ఒకరి గునపంమీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు. ఒక్కో రాశి ఇద్దరిది, లారీ వచ్చేలోగా అది తెగాలి. రాశి సగంలో లేచినవాడు తన గునపం తనే పీక్కుని పోవాలి. ఇక ఆ చోటు అతనిది కాదు. ఒక్క చావుకే మినహాయింపు. ఇంట్లోనో చుట్టాల్లోనో ఎవరైనా పోతే లేవొచ్చు. పదకొండేళ్ల కిందట తండ్రి పోయినప్పుడు సాలమోను అలా లేచాడు. మూడోనాడు తిరిగొచ్చేసరికి గునపం అతను వదిలినచోటే, మొనమీద పలచగా తుప్పుపట్టి, అతనికోసం కాచుకుని ఉంది. అప్పుడు ఆ కట్టుబాటు ఎంతో మంచిదనిపించింది.

చస్తే లేవొచ్చు. చదువుకు లేవకూడదా? దెబ్బ.

"ఏంటి బావా, కాయల్ని కొడుతున్నావా, ఎవరినైనా కొడుతున్నావా?" అన్నాడు రాశికి అటువైపునుంచి పాపారావు. పన్నెండేళ్లుగా ఇద్దరిదీ ఒకే రాశి. చుట్టరికం లేకపోయినా బావా అనే పిలుస్తాడు.

"పదిన్నరకి లేస్తాను పాపారావు."

"ఎక్కడికి?"

"బడికి."

"ఈ వయసులో చేర్చుకుంటారంటావా?"

సాలమోను నవ్వలేదు. పాపారావు చేతిలో కాయ గాల్లోనే ఆగింది.

"లారీ పన్నెండుకి బావా. మిగిలింది నా నెత్తిన పడుద్ది."

"నాలుగింటికే వచ్చేను. నా సగంలో ఇంకో నూరు ఉంటాయంతే. అవి కూడా కొట్టే లేస్తాను. చూసుకో."

పాపారావు ఎడమవైపు గుట్ట కేసి చూశాడు. అబద్ధం కాదు. "నీ సగం అయితే ఏంటి, రాశి తెగదుగా" అని గొణిగాడు. ఆ మాటలో కోపంకంటే భయమే ఎక్కువ ఉంది.

పదిన్నరకు సాలమోను నడుం నిలబెట్టాడు. పీచుధూళి చెమటకు అంటుకుని మెడమీద మట్టి రంగు గీతలు కట్టింది. షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకున్న ప్రసాద్ గారి దగ్గరకు వెళ్లి చెప్పాడు.

"మీటింగా? దానికి మీ ఆవిణ్ణి పంపొచ్చుగా."

"అదీ పనిలోనే ఉందండి."

ప్రసాద్ గారు చెడ్డమనిషి కాదు. జ్ఞానమ్మ కాన్పుకు అర్ధరాత్రి తన కారిచ్చి పంపినవాడు. గడ్డం గోక్కుని, గొంతు తగ్గించాడు. "ఓ పని చెయ్యవయ్యా. ఎవరో పోయేరని చెప్పి లే. రాజోల్లో మీకు చుట్టాలున్నారుగా. నేనేం తవ్వి అడగను. నీ చోటు నీకే ఉంటది."

అది దయే. సాలమోనుకు తెలుసు. రాజోలు పెద్దమ్మ ముఖం కళ్లముందు మెదిలింది. ఎనభై దగ్గర పడుతున్నా ప్రతి ఆదివారం చర్చికి నడిచే వెళ్తుంది. ఆమెను ఒక్క పూట చంపేస్తే చాలు, అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. గునపం ఉంటుంది. నీడ ఉంటుంది. ఇలాంటి చిన్న చిన్న చావులు అడ్డం పెట్టుకునే తను ఇన్నేళ్లు బతికాడని తోచింది. ఒళ్లు బాగోలేదనో, ఊళ్లో లేననో, తెలియదనో అంటూ నెట్టుకొచ్చాడు. ఒక్కసారీ ఉన్నమాట అనలేదు.

"ఎవరూ పోలేదండి. మా అమ్మాయి బడికి వెళ్తున్నాను."

"రాశి సగంలో లేస్తున్నావు, సాలమోనూ."

"ఆయ్."

బోరింగు దగ్గర మొహం కడుక్కుని, సైకిలు హ్యాండిలుకు తగిలించిన సంచిలోంచి ఉతికిన చొక్కా తీసి తొడుక్కున్నాడు. కాలవగట్టు వెంట తొక్కుతుంటే, పది రోజులుగా మేడంకోసం కూర్చుకున్న మాటలు ఒక్కొక్కటే జారిపోసాగాయి. బడి గేటు కనపడేసరికి ఒక్క వాక్యమే మిగిలింది. అది పోకుండా పళ్లబిగువున పట్టుకున్నాడు.

షామియానా కింద హెడ్‌మాస్టారు మైకులో మాట్లాడుతున్నారు. "రావలసిన తల్లిదండ్రులు రావడం లేదు. అదే మా బాధ" అంటున్నారు. రానివాళ్లను గురించి వచ్చినవాళ్లకు చెబుతున్నారని సాలమోనుకు అనిపించింది. ముందువరసలో తెల్ల పంచెలవాళ్లు తల ఊపుతున్నారు. చివర, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. పక్కనున్నాయన కొంచెం జరిగాడు. పచ్చి డొక్క వాసన చొక్కా మార్చితే పోయేది కాదు.

తరువాత ఎవరి తరగతి గదికి వాళ్లను వెళ్లమన్నారు. బల్ల వెనక నలభై ఏళ్లావిడ. కళ్లజోడు, కళ్ల కింద నిద్రచాలని నలుపు. వాదించిన పది రోజులూ అతను ఊహించుకున్న ముఖం ఇది కాదు. అది చాలా నున్నగా ఉండేది.

"మీరు?"

"ఝాన్సీ నాన్ననండి. సాలమోను."

"వచ్చేరా. సంతోషం. ఇదిగోండి, ఝాన్సీ తిరిగిచ్చిన కార్డు. ఇక్కడ సంతకం పెట్టండి."

గది చివర పిల్లల్లో ఝాన్సీ నిలబడి ఉంది. కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"పెట్టనండి."

ఆవిడ తలెత్తింది.

"ఆ ఎర్రమాట ఉండగా పెట్టనండి."

"అది ఊరికే రిమార్కండి. ఇప్పుడొచ్చేరుగా, వచ్చే టర్ములో బాగా రాస్తాను."

"వచ్చేదాని సంగతి కాదండి." గొంతు తను అనుకున్నదానికంటే చిన్నగా వచ్చింది. అయినా ఆగలేదు. "నేను నాలుగుసార్లు రాలేదు. రాలేదని రాయండి. ఎర్రసిరాతోనే రాయండి, పెడతాను. అది మీరు చూసేరు. శ్రద్ధ లేదన్నది మీరెక్కడ చూసేరండి?"

వెనక వరసలో ఎవరో దగ్గారు. "త్వరగా కానివ్వవయ్యా" అన్నారింకెవరో.

"రాసింది కొట్టెయ్యకూడదండి. రికార్డు."

"అయితే కూర్చుంటానండి."

చివరి బెంచీలో కూర్చున్నాడు. పిల్లల కొలతకు చేసిన బెంచీ. మోకాళ్లు బల్లకు తగులుతున్నాయి. తల్లులూ తండ్రులూ వస్తున్నారు, సంతకాలు పెట్టి వెళ్తున్నారు. పన్నెండయింది. లారీ వచ్చి ఉంటుంది. పాపారావు ఒక్కడే మిగతా రాశిమీద వంగి ఉంటాడు. లేచి వెళ్లిపొమ్మని కాళ్లు చెబుతున్నాయి. చేసే పనేమీ లేకుండా చేతులు ఒళ్లో పడి ఉండటం అతనికి వింతగా ఉంది. ఖాళీ చేతులతో ఇంతసేపు ఎక్కడా కూర్చోలేదు, తండ్రి శవం పక్కన తప్ప.

గది దాదాపు ఖాళీ అయ్యాక మేడం ఫోను మోగింది.

"ఆయ్, ఉదయ్ కిరణ్ మదర్ని నేనేనండి... లేదండి, ఇవాళ మా బడిలోనూ మీటింగే... వాళ్ల నాన్నగారిది రాజమండ్రి డ్యూటీ... కార్డు బాబుకిచ్చి పంపెయ్యండి..." కాసేపు అవతలివాళ్ల మాట విన్నది. "తెలుసండి. రూలే. కాదనట్లేదు. కాని రాలేనంతమాత్రాన..."

ఫోను బల్లమీద బోర్లా పెట్టింది.

సాలమోను కిటికీవైపు తిరిగాడు. వినకుండా ఉండే వీలు లేదు గాని, విన్నట్టు కనపడకుండా ఉండే వీలుంది. ఆమాత్రం మర్యాద ఆవిడకు ఇవ్వాలనిపించింది. గెలిచినట్టు ఏమీ లేదు. పది రోజులు కొట్టిన కాయల్లో ఎక్కడా ఈ ఫోను లేదు.

"సాలమోను గారూ, రండి."

ఆవిడ స్కేలు పెట్టి ఎర్రవరుసను నిలువునా కాదు, అడ్డంగా, మాట మొదటినుంచి చివరిదాకా కొట్టేసింది. కింద నీలిసిరాతో రాసింది. అతను ఒక్కో అక్షరం పట్టుకుని చదివాడు. 'పని వల్ల సమావేశానికి రాలేదు.' పక్కన పొడి సంతకం.

"పని వల్ల అని నేను అడగలేదండి."

"అది నా తృప్తికి రాసుకున్నానండి."

పెన్ను అతని వేళ్లలో గడ్డిపరకలా ఉంది. నాలుగక్షరాలు దిద్దాడు. చెయ్యి తీసేసరికి గడి అంచున గోధుమరంగు మరక మిగిలింది. ఆవిడ దాన్ని చూసింది, తుడవలేదు.

ఝాన్సీ గేటుదాకా వచ్చింది.

"లారీ వెళ్లిపోయుంటదా?"

"వెళ్లే ఉంటది."

"మరి నీ చోటో?"

"మళ్లీ మీటింగెప్పుడంట?"

"డిసెంబర్లో."

"తేదీ తెలిసేక చెప్పు" అని సైకిలెక్కాడు. మలుపు తిరిగేముందు వెనక్కి చూశాడు. పిల్ల సూటిగా అతనివైపే చూస్తోంది.

షెడ్డులో రాశి తెగింది. లారీ చక్రాల గుర్తులు తడిమట్టిలో పడి ఉన్నాయి. పాపారావు గోనెల మీద పడుకుని, మోచేతితో కళ్లు మూసుకున్నాడు. ప్రసాద్ గారు కుర్చీలోనే ఉన్నారు.

"అయ్యిందా?"

"అయ్యిందండి."

"గునపం తీసుకెళ్లు మరి. నాకూ బాధగానే ఉందయ్యా. ఒక్కడికి వదిలేస్తే రేపు అందరూ లేస్తారు."

"లేస్తారండి" అన్నాడు సాలమోను.

క్యారేజీ, తువ్వాలు, నీళ్లసీసా సంచిలో పెట్టుకున్నాడు. తన చోటు ముందు నిలబడ్డాడు. నీడ ఎక్కువసేపు నిలిచే చోటు అది. పంతొమ్మిదేళ్ల పాదాలకు నేల రెండు పక్కలా పళ్లెంలా గుంటపడింది. గునపం పీక్కుని, భుజాన వేసుకుని, ఊరిమధ్యనుంచి నడిచి వెళ్లాలి. చూసినవాళ్లు అడగరు. అందరికీ అర్థమవుతుంది. అలా వెళ్లినవాళ్లను ఇద్దరిని అతనే చూశాడు. చూపు తిప్పుకున్నాడు కూడా.

"ఉండనివ్వండి" అన్నాడు.

"ఉండనివ్వడమేంటయ్యా? నువ్వే పీకాలి. ఇంకోళ్లు చెయ్యి వెయ్యకూడదు."

"ఆయ్. వెయ్యకూడదండి."

గోనెలమీద పాపారావు మోచెయ్యి కళ్లమీంచి కిందికి జారింది. పొట్ట ఒకటి రెండుసార్లు ఎగిరిపడింది. నవ్వు కనపడకుండా గోడవైపు ఒత్తిగిల్లాడు.

"మరి నీ పనో?"

"పి.గన్నవరం వెళ్లి అడుగుతానండి. కొత్త గునపం చేయించుకుంటాను. బడి ఉన్న రోజు లేస్తానని ముందే చెబుతాను. వద్దంటే ఇంకో ఊరు."

దణ్ణం పెట్టి, సైకిలు నడిపించుకుంటూ గుమ్మం దాటాడు. కాలవగట్టు ఎక్కేదాకా గొలుసు చప్పుడు వినిపించింది. తరువాత అదీ లేదు.

మర్నాడు కొత్త రాశి పోశారు. సాలమోను బదులు పాపారావుకు జతగా కొత్త మనిషి వచ్చి, అటూ ఇటూ చూసి, నీడ అంచుకు రెండు బారల అవతల, ఎండలో తన గునపానికి గొయ్యి తవ్వుకున్నాడు. రేకుల కింద మంచిచోట, ఒక్క పీచుపోగు చుట్టుకున్న మొనతో, సాలమోను గునపం నిటారుగా నిలబడి ఉంది.