నా మొహం

తలనొప్పికైతే గుడ్డ నుదుటికి బిగించి కట్టుకుంటారు గాని, జుట్టంతా వెనక్కి తోసి, చెవుల మీదుగా పట్టీ ఎందుకు పెట్టుకుంటారు? పొద్దున గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ చూసీ చూడనట్టు వదిలేసిన దృశ్యం, పార్లర్లో బ్యాంకావిడ మొహానికి క్రీము రాస్తుంటే ఆమెకి మళ్ళీ ఎదురొచ్చి నిలబడింది. మంచం మీద దిండుకి ఆనుకుని అత్తగారు. తలకి తెల్లటి టర్కీ పట్టీ. పార్లర్లో వాడిన పట్టీల్ని తను రోజూ ఇంటికి తీసుకెళ్ళి ఉతికి, ఆ మంచం పక్క కిటికీ దగ్గరున్న దండెం మీద ఆరేస్తుంది. వాటిలో ఒకటి.

"తలనొప్పా అత్తయ్యా?" అని అడిగింది తను.

"నా మొహం," అంది అత్తగారు.

మాత్రా, నీళ్ళగ్లాసూ చేతికందేలా పెట్టి బస్సు కోసం పరిగెత్తింది.

ఆ మాటకి ఇంట్లో ఎవరూ అర్థం వెతకడం మానేశారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయి, మూతి ఒక పక్కకి లాగేశాక ఆవిడ మాటలన్నీ ఎటో పోయాయి. పోకుండా మిగిలినవి నాలుగైదు. అందులో ఇదొకటి. ఆకలేస్తోందా అంటే నా మొహం, దుప్పటి కప్పనా అంటే నా మొహం. "జీవితమంతా ఎక్కువ వాడిన మాట కదా, అరగలేదు," అన్నాడు ఆవిడ కొడుకు. తల్లి కూడా నవ్వింది, సగం మొహంతో.

"ఏంటి ఇవాళ మెత్తచెయ్యి ఏమీ మాట్లాడదు?" బ్యాంకావిడ కళ్ళు మూసుకునే అడిగింది. పార్లర్లో తనని అందరూ అలాగే పిలుస్తారు.

"ఏం లేదండీ. మీరు దవడ వదులు చెయ్యండి."

"దవడ వదిలేస్తే మా ఇంట్లో నెగ్గుకు రాలేను."

తెర వెనక గది చిన్నది. మంచం, ఆవిరి యంత్రం, సీసాల అర, ఒక స్టూలు. గడియారాన్ని యజమానురాలు కస్టమర్లకి కనపడకుండా తలవైపు గోడకి పెట్టించింది. తనకి దానితో పనిలేదు. మొహమే చెబుతుంది. ముందు నుదురు లొంగుతుంది, తరవాత కనుబొమల మధ్య ముడి. దవడ అన్నిటికన్నా మొండిది. అది ఎప్పుడు విడిపోతే అప్పుడు మసాజు అయినట్టు. ఆ లోపల ఆపితే క్రీము రాసినట్టే గాని ఫేషియల్ చేసినట్టు కాదు.

ఇంకో నియమం కూడా ఉంది. రెండు చేతులూ ఒకేసారి మొహం మీంచి తియ్యకూడదు. ఒకటి దూది కోసమో గిన్నె కోసమో వెళితే, రెండోది నుదుటి మీదో చెంప మీదో ఉండాలి. పని నేర్పిన పెద్దావిడ చెప్పింది: "కళ్ళు మూసుకున్న మనిషే, ఏమీ కనపడదు. రెండు చేతులూ తీశావనుకో, వదిలేసి వెళ్ళిపోయావనుకుంటుంది."

బ్యాంకావిడ చెవి మీంచి పట్టీ కొంచెం జారింది. ఒక చెయ్యి చెంప మీద ఉంచి, రెండో చేత్తో దాన్ని వెనక్కి సర్దబోయింది. వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

అత్తగారి పట్టీ సరిగ్గా ఇక్కడే ఉంది. ఒక్క చేత్తో దండెం మీంచి లాక్కుని, ఒక్క చేత్తో తలకి తొడిగి, చెవుల వెనక వెల్‌క్రో అతికించుకోవడానికి ఎన్ని తంటాలు పడిందో. ఒక్క వెంట్రుక కూడా మొహం మీద పడకుండా. పట్టీ పెట్టుకుని, మొహం పైకెత్తి, గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. ఏమిటని అడిగితే చెప్పింది కూడా. నా మొహం.

"ఆగిపోయావేంటమ్మా?"

"సర్దుతున్నానండీ."

ఈ పనిలో చేరిన కొత్తలో, "ఊళ్ళోవాళ్ళ మొహాలు తోమే ఉద్యోగమా?" అంది అత్తగారు. ఆ మాట ముల్లులా దిగింది. ఏళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం, ఏదో మంచి ఘడియలో, "మీక్కూడా ఒకసారి చేస్తాను రండి అత్తయ్యా," అంది తను. ఆవిడ కొంగుతో చెంప తుడుచుకుని, "నా మొహం, నాకెందుకే," అని పొయ్యి వైపు తిరిగింది. కాదనడమే అనుకుంది తను. మళ్ళీ అడగలేదు. ఇప్పుడు ఆ తిరగడం గుర్తొస్తోంది. కొంగు చెంప మీద ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపు ఉంది. సిగ్గుపడే మనిషి తనని రెండోసారి అడగాలని ఎదురుచూస్తుంది. అందరి మొహాలూ చదివే తను ఆ ఒక్క మొహాన్ని మాత్రం చదవకూడదనే పంతం పట్టింది.

జబ్బు చేశాక డాక్టరు, జారిన వైపు రోజూ మర్దనా చెయ్యమన్నాడు. తను మొగుడికి నేర్పింది. అతను బల్ల తుడిచినట్టు తుడిచేవాడు. "నువ్వే చెయ్యరాదూ," అంటే, "నాకు టైమెక్కడిది, రోజంతా అదే పనిగా," అనేది. అబద్ధం కాదు. కాని నిజం కూడా కాదు.

బ్యాంకావిడకి ప్యాకు వేసి, కళ్ళ మీద దూది పెట్టి, చెప్పి మరీ బయటికొచ్చింది.

"మేడమ్, ఒక్కసారి ఇంటికెళ్ళొస్తాను."

"ఏమైంది? పెద్దావిడకి బాలేదా?"

"అలాగే ఉంది. ఫేషియల్ అడిగింది."

యజమానురాలు ముందు నవ్వింది, తరవాత ఆమె మొహం చూసి ఆపింది. "అదుగో, ఆ అమ్మాయికి మధ్యాహ్నం ఇంటర్వ్యూ. నీ చెయ్యే కావాలని కూర్చుంది. అది అయ్యాక వెళ్ళు, తీరిగ్గా చేద్దువుగాని. మీ అత్తగారు ఎక్కడికీ పారిపోదుగా."

ఆమె కూడా అదే అనుకుంది.

బ్యాంకావిడ వెళ్ళాక మంచం ఎక్కిన ఇంటర్వ్యూ అమ్మాయి మొహం చిన్నది, దవడ రాయిలా ఉంది. ఆమె చేతులు తొందరపడ్డాయి. పైకి వెళ్ళాల్సిన వేళ్ళు అడ్డంగా వెళుతున్నాయి, కణతల దగ్గర ఆగాల్సింది ఆగటం లేదు. మొదటిసారి ఆమె తల తిప్పి గడియారం చూసింది.

అమ్మాయి కళ్ళు తెరిచింది. "ఆంటీ, మీరెక్కడికైనా వెళ్ళాలా?"

"లేదమ్మా. ఎందుకు?"

"ఏమో, నన్ను పంపించేస్తున్నట్టుంది."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. మళ్ళీ గడ్డం దగ్గర మొదలుపెట్టింది. మెల్లిగా, బుగ్గ మీదుగా చెవి దాకా, చెవి దగ్గర ఒక్క ఊపిరి ఆగి. ఆప్రాన్ జేబులో ఫోను వణికింది. చేతులకి క్రీము. అమ్మాయి దవడ అప్పుడప్పుడే విడిపోతోంది. ఫోను ఆగి, మళ్ళీ వణికి, ఆగిపోయింది.

ప్యాకు వేశాక చేతులు తుడుచుకుని మొగుడికి ఫోన్ చేసింది.

"అత్తయ్యని కూర్చోబెట్టి ఉంచండి. పట్టీ తియ్యకండి. ఇదిగో అయిపోయింది, వచ్చేస్తున్నా."



"పని పూర్తి చేసుకునే రా," అన్నాడతను. "ఇక తొందరేం లేదు."

ఆ 'ఇక' దగ్గర ఆమె గోడకి ఆనుకుంది.

లోపల అమ్మాయి మొహం నిండా ప్యాకు ఆరుతోంది. ఆ పిల్లని అలా వదిలి వెళ్ళలేకపోయింది. గోరువెచ్చటి నీళ్ళలో స్పాంజి ముంచి, నుదుటి నుంచి కిందికి, కొంచెం కొంచెంగా తడిపి తీసింది. ఒక చెయ్యి ఎప్పుడూ మొహం మీదే ఉంచింది. అమ్మాయి అద్దంలో చూసుకుని నవ్వింది. "ఉద్యోగం వచ్చేస్తుంది ఆంటీ," అంది. "వస్తుందమ్మా," అంది ఆమె.

మొగుడు గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. రాత్రి కాపలా డ్యూటీ చేసొచ్చిన యూనిఫారం చొక్కా ఇంకా మార్చుకోలేదు.

"భోజనం పెడదామని లేపాను," అన్నాడు. "నిద్రపోతున్నట్టే ఉంది." పక్కకి జరిగి దారిచ్చి, "ఆ పట్టీ తియ్యబోతే పొద్దున నా చెయ్యి తోసేసింది. ఏం పట్టుదలో," అన్నాడు.

మాత్ర గ్లాసు పక్కన అలాగే ఉంది.

"ఎవరికైనా చెప్పారా?"

"ఇంకా లేదు. చెబితే వచ్చేస్తారు."

"కాసేపు చెప్పకండి."

అతను లేచాడు. తలుపు దగ్గరగా వేసి మళ్ళీ మెట్టు మీద కూర్చున్నాడు.

ఆమె గిన్నెతో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చుకుంది. మంచానికి తలవైపు పీట వేసుకుంది. పట్టీ జారలేదు, సర్దక్కర్లేకపోయింది. దూదితో కళ్ళ కొసలు తుడిచింది, ముక్కు పక్కలు, చెవుల ముందు. క్రీము అరచేతిలో వేసి రుద్ది వేడి చేసింది. ఆ వేడి చెంపకి తగలగానే పోయింది. మళ్ళీ రుద్దింది. లాగేసిన మూతి ఇప్పుడు ఎటూ లాగటం లేదు. కుడి, ఎడమ రెండూ ఒకలాగే ఉన్నాయి. చెంప మీద చర్మం ఇంత పల్చగా ఉంటుందని, గడ్డం కింద చిన్న పుట్టుమచ్చ ఉందని ఇన్నేళ్ళలో ఆమెకి తెలియదు.

గడ్డం నుంచి చెవి దాకా. చెవి దగ్గర ఒక్క ఊపిరి. అది తన ఊపిరే.

దవడ కోసం చూసింది. అది ముందే విడిపోయి ఉంది. ఎప్పుడు ఆపాలో చెప్పేది ఇంకేదీ లేకపోయింది, అందుకని ఆపలేదు. బయట ఎవరో అతన్ని పలకరించడం, అతను ఏదో అబద్ధం చెప్పి పంపించెయ్యడం వినపడింది.

చివరికి ఒక చెయ్యి తీసింది. రెండోది నుదుటి మీద ఉండిపోయింది. ఎంతసేపటికో దాన్ని కూడా తీసి, పట్టీని విప్పకుండా అలాగే పైకి జరిపి తీసి, మడవకుండా కిటికీ గట్టు మీద పెట్టింది.

దండెం మీద పట్టీల వరసలో ఒక్క చోటు ఖాళీగా ఉంది. గట్టు మీద పట్టీ మాత్రం ఇంకా తల ఉన్నట్టే గుండ్రంగా, వెల్‌క్రో అతుకులో చిక్కుకున్న రెండు తెల్ల వెంట్రుకలతో.