ఒక్క జీతం నెల

లా కాలేజీలో సీటు వచ్చిందన్న సంతోషం ఆమెకు ఒక్క పూటైనా నిలవలేదు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం మానేస్తే మూడేళ్లపాటు ఇల్లు భర్త జీతం మీదే నడవాలి. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎన్నిసార్లు లెక్క వేసినా ఒకసారి సరిపోయేది, ఇంకోసారి బొటాబొటీగా తేలేది.

"కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి. ఒక నెల నీ జీతం లేదనుకుని బతికి చూద్దాం" అన్నాడతను.

ఆమె జీతమంతా బ్యాంకులో వేసి, దాని జోలికి పోకూడదని ఒట్టు పెట్టుకున్నారు.

మొదటి వారం సరదాగానే గడిచింది. కేబుల్ తీయించేస్తే అత్తగారు మాత్రం "సీరియల్లో కోమాలో ఉన్న ఆ పిల్ల లేచిందో లేదో ఇక నాకెవరు చెబుతారే?" అని సణిగింది. రెండో వారంలో కోడలికి దవడ పన్ను సలపడం మొదలైంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే డాక్టరు, డాక్టరంటే ఖర్చు. ఆదిలోనే చేతులెత్తేస్తే మూడేళ్లు ఈదేదెలా? బుగ్గన లవంగం పెట్టుకుని డ్యూటీకి వెళ్లేది. "కదలకండి, ఊపిరి బిగపట్టండి" అని రోగులకు చెబుతూ తనూ బిగపట్టేది. పోటు కాస్త తగ్గితే దిగులు ఎక్కువయ్యేది. మధ్యలో ఫీజు పెంచితే? పనిలో ఆయనకు దెబ్బ తగిలితే? అత్తయ్య మంచాన పడితే?

ఒక ఉదయం ఫ్రిజ్ తలుపుకు చెంప ఆనించి నిలబడి ఉండగా అత్తగారి కంట పడింది.

"ఏమైందే?"

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే బుగ్గలో బంతి దాచుకున్నావా?" అంటూ ఆవిడ కొడుకును కేకేసింది.

అతను చూసి మండిపడ్డాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"నెల పాడైపోతుందని..."

"ఇలాంటివి వస్తే ఏం చేయాలో తెలుసుకోడానికే కదా ఈ నెల!"

"పళ్లూడగొట్టుకుని జడ్జి ముందు ఏం వాదిస్తావే తల్లీ?" అంది అత్తగారు. నవ్వొచ్చింది గానీ, నవ్వితే ప్రాణం పోయినట్టయింది.

పంటి కింద చీము పట్టిందన్నాడు డాక్టరు. దాచిన జీతంలో సగం అక్కడే కరిగిపోయింది. బయట బెంచీ మీద కూర్చుని ఆమె, "ఒక్క జీతంతో కుదరదండీ" అంది. ఇన్నాళ్లూ గొంతులోనే నొక్కిపెట్టిన మాట. అతను కాదనలేదు.

మర్నాడు కాలేజీకి వెళ్లి సాయంత్రం క్లాసుల గురించి అడిగింది. చదువు ఇంకో ఏడాది ఎక్కువ సాగుతుంది గానీ, పగలు ఉద్యోగం చేసుకోవచ్చు. అయితే ఆసుపత్రిలో రోజూ ఉదయం షిఫ్టే దొరకాలి. సూపర్‌వైజరమ్మ చాలాసేపు గునిసి, చివరికి "ఆర్నెల్లు ఇస్తాను. ఆపైన నా చేతుల్లో ఉండదు" అంది.

ఫీజు మొదటి వాయిదా కట్టేశాక భర్తకు ఫోన్ చేసింది.

"ఆర్నెల్ల తర్వాత కాదంటే?"

"అప్పుడు చూద్దాంలే."

"అప్పుడు కాదు, ఇప్పుడే చూడాలి. ఉద్యోగం, చదువు రెండూ లాక్కొచ్చేది నేను కదా!"

అవతల సుత్తి చప్పుడు ఆగింది. "సరే, పెందలాడే వస్తాను. ముగ్గురం కూర్చుందాం. అమ్మకు కూడా చెప్పు" అన్నాడు. ఆమె అప్పుడే అత్తగారికి ఫోన్ కలిపింది.