మీజే ఇంటి సముద్రం

రాత్రి అన్నంలోకి కొబ్బరి కోరడం ముగించి, పీట దులిపి గోడకి ఆనించి, మీజే ఎప్పటిలాగే అంది: "అత్తమ్మా, సముద్రం వెనక్కి పోతోంది. నాచు చూసొస్తా."

"పోవే పో, మళ్ళీ వచ్చేస్తుందేమో," అంది అత్తగారు బీ కిజా, జపమాల తిప్పుతూ.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక, పిల్లలు మదరసాకి పోయాక, రోజూ ఇదే మాట, ఇదే జవాబు. చెప్పొద్దూ, రోజూ ఆ వేళకి నాచు బయటపడేంత వెనక్కి ఏ సముద్రమూ పోదు. జాంజిబార్ తూర్పు ఒడ్డున పుట్టిన ఏ ఆడపిల్లని అడిగినా చెబుతుంది: అమావాస్యకీ పున్నమికీ అటూ ఇటూ నాలుగు రోజులు, పొద్దుటి పూటే సముద్రం అంత దూరం పోతుంది. అప్పుడే కర్రల మధ్య కట్టిన తాళ్ళ మీద, అమ్మకానికి పెంచే నాచు బయటపడుతుంది. నడుం విరిగేలా వంగి కోయాలి, నెత్తిన మోయాలి, ఇంటికొచ్చి పొయ్యి రాజెయ్యాలి. ఆ పని మీజే చేస్తూనే ఉంది. సాయంత్రం సముద్రం మాత్రం ఆమె సొంతంగా పుట్టించుకున్నది.

అదీ కావాలని కాదు. ఒకనాడు నడుం పట్టేసి, "అత్తమ్మా, కాసేపు కూర్చుంటా" అనబోయింది. అత్తగారి మాట గుర్తొచ్చింది: "కూర్చున్న కోడలూ, ఆరిన పొయ్యీ ఒకటే." నోరు దానంతటదే, "సముద్రం పోతోంది" అనేసింది. అంతే, ఎవరూ అడ్డురాలేదు. నడుం నొప్పి అంటే ముగ్గురు మూడు కషాయాలు చెబుతారు గానీ, పని ఉందంటే దారి వదులుతారు. ఆ రోజు సరుగుడు చెట్ల కింద కాళ్ళు చాపుకుని నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది. మర్నాడూ వెళ్ళింది. ఇంటికి బయల్దేరేముందు ఒంటికి చుట్టుకున్న కాంగా గుడ్డ అంచు తడుపుకోవడం మరచిపోయేది కాదు.

"మీ ఇంటికో సముద్రం, మా ఇంటికో సముద్రమా వదినా?" అని ఎగతాళి చేసేది పక్కింటి జోఖా. చేసినా ఎక్కడా నోరు జారలేదు.

ఇంట్లోవాళ్ళకి అనుమానం రాకపోవడానికి కారణముంది. అత్తగారు లవంగ తోటల మధ్య పుట్టిన మనిషి, ఒడ్డుకి వెళితే కళ్ళు తిరుగుతాయని వెళ్ళదు. మొగుడి పేరు మకామే, పట్నంలో మేనమామ కొట్లో పెరిగాడు. ఇప్పుడు విదేశీ అతిథుల్ని అడవికీ మసాలా తోటలకీ తిప్పుతాడు. ఎర్ర కోతుల కాపురాల గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. పెళ్ళాం ఎప్పుడు ఏ నీళ్ళలో ఉంటుందో మాత్రం ఎన్నడూ అడగలేదు. "నీళ్ళలో నడిచి రావడమేగా, జనం దానికి విమానాలెక్కి మరీ వస్తున్నారు," అనేవాడు.

ఒకరాత్రి కల్లుతాగిన కోతిలా హుషారుగా ఇంటికొచ్చాడు. "ఏమే, మా అతిథులకి కోతుల్ని చూసింది చాలట. ఇక్కడి ఆడవాళ్ళు ఏం చేస్తారో చూడాలట. రేపు అసర్ అయ్యాక తీసుకొస్తా. కొత్త కాంగా కట్టుకుని నాచు దగ్గర నిలబడి కాస్త నవ్వు, చాలు."

మీజే గబుక్కున అంది: "పొద్దున రమ్మనరాదూ? ఎండ బాగుంటుంది."

"పొద్దున మసాలా తోటలకి పోవాలి. నువ్వు రోజూ వెళ్ళేది సాయంత్రమేగా?"

"రోజూ ఆ వేళకే," అంది అత్తగారు సాక్ష్యం చెబుతున్నట్టు. "నేనూ వస్తా. ఫోటోలో ఇంటి పెద్ద ఉండొద్దూ?"

మీజేకి నిద్ర పట్టలేదు. నిజం చెబితే ఆ కాసేపూ పోతుంది. చచ్చేదాకా సాయంత్రాలన్నీ కొబ్బరికీ బియ్యంలో రాళ్ళకీ అంకితం. ఇంకో మగాడితో మాట్లాడానన్నా నమ్ముతారు, తిడతారు, కొన్నాళ్ళకి మరచిపోతారు. ఊరికే కూర్చున్నానంటే ఎవరు క్షమిస్తారు? వానొస్తే బాగుండుననుకుంది. ఆకాశంలో పున్నమి చంద్రుడు కడిగిన పళ్ళెంలా ఉన్నాడు.

మర్నాడు సాయంత్రం పున్నమి పోటు సరుగుడు వేళ్ళదాకా వచ్చి ఊగుతోంది. టోపీలు పెట్టుకున్న అతిథులు వరసగా నిలబడ్డారు. అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుని జోఖా చెయ్యి పట్టుకుంది.

"నాచు ఏదే?" అన్నాడు మకామే.

"నీళ్ళ కింద."

"ఇప్పుడు నీళ్ళెందుకున్నాయి?"

"సముద్రం కదా," అంది జోఖా.

మకామే మొహం మాడిపోయింది. గొంతు తగ్గించి, "రోజూ ఈ వేళకి పోతోందన్నావు?" అన్నాడు.

మీజే ఒక అబద్ధం వెతుక్కుంది. దొరికింది కూడా. చెబితే రేపు దానికి ఇంకోటి కావాలి. ఎందుకో విసుగొచ్చింది.

"సముద్రం పొద్దున్నే వెళ్ళొచ్చింది. నాచు కూడా కోసేశాను. ఈ వేళకి వచ్చేది నేనొక్కదాన్నే."

"వచ్చి ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. కూర్చుంటాను."

అత్తగారు కళ్ళు తెరిచింది. అతిథుల్లో నెరిసిన జుట్టావిడ మకామేని ఏదో అడిగింది. అతను చెమట తుడుచుకుంటూ రెండు ముక్కలు చెప్పాడు. ఆవిడ పకపకా నవ్వి, చెప్పులు విప్పి, ఇసకలో చతికిలబడి కాళ్ళు చాపింది. మిగతావాళ్ళూ ఒకరి వెంట ఒకరు కూర్చున్నారు.

"ఏమంటోంది?" అంది మీజే.

మకామే చెప్పలేక చెప్పలేక చెప్పాడు. "ఏడాదంతా ఒళ్ళు హూనం చేసుకుని, ఇంత దూరం వచ్చింది దీనికోసమేనంటోంది."

"ఏమీ చెయ్యకుండా ఉండటానికా?" అంది అత్తగారు.

"అవునమ్మా."

"దానికి విమానం కూడా ఎక్కిందా?" అని అత్తగారు ఆవిడని పాదాల నుంచి టోపీ దాకా చూసింది. మకామే పెళ్ళాం పక్కకొచ్చి, "సరే, అయిందేదో అయింది. రేపట్నుంచి ఏం చెప్పి వస్తావు?" అన్నాడు.

మీజే నెరిసిన జుట్టావిడ పక్కన కూర్చుని, కాంగా సర్దుకుని, కాళ్ళు చాపింది.

"ఏమీ చెప్పను," అంది. "వస్తాను."