నోరు కట్టేసిన కాపలా కుక్క

మైపాడు రోడ్డు మీంచి రొయ్యల గుంటల వైపు స్కూటీ తిప్పేసరికే కంపు ఎదురొచ్చింది. అబిగయీలు చున్నీని ముక్కుకు అడ్డంగా రెండు చుట్లు చుట్టుకుంది. లాభం లేకపోయింది. కుళ్లిన రొయ్య కంపు గుడ్డకు ఆగేది కాదు. గొంతులోకి దిగి నాలుక మీద పేరుకుంటుంది.

గట్టు మీద కూలీలు చచ్చిన రొయ్యల్ని వలలతో తోడి గోతిలో పోస్తున్నారు. గోతి చుట్టూ బ్లీచింగు పొడి తెల్లగా చల్లి ఉంది. దాని మీద ఈగలు నల్లగా ముసిరి ఉన్నాయి. నిన్న తెల్లవారుజాము దాకా బతికి ఉన్న పంట అది. పట్టుబడికి దగ్గరపడిన పంట. గుంట యజమాని హజరత్తయ్య నీళ్లవైపు చూడలేక, అటు వీపు పెట్టి, మోటారు షెడ్డు గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

"పెట్టె కంపెనీ మనిషివా?" అన్నాడు లేవకుండానే.

"అవునన్నా. నా పేరు అబిగయీలు."

"పో, చూసుకో పో. లోపలే ఉండాది మీ మాయదారి పెట్టె. గుంటంతా చచ్చినా అది మాత్రం కన్ను కొడతానే ఉండాది."

నెల్లూరులో విజయభాస్కర్ నడిపే చిన్న కంపెనీ తయారుచేసే పెట్టె అది. గుంట నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూసుకుంటూ, తగ్గినప్పుడు నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లను తిప్పి, చాలినప్పుడు ఆపి, తేడా వస్తే రైతు ఫోనుకు కబురు పంపడం, రైతు ఫోన్లోంచి నొక్కితే ఏరియేటర్లు వెయ్యడం దాని పని. లోపల ఉండేది వేలిగోరంత ప్రాసెసర్. అందులో నడిచే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను చూసుకోవడానికి అబిగయీలును పోయిన వేసవిలో ఉద్యోగంలోకి తీసుకున్నారు. తీసుకున్నారన్న మాటేగానీ, కెర్నల్ జోలికి మాత్రం పోనివ్వలేదు. ఫోను స్క్రీన్ మీద బొమ్మలు మార్చడానికే ఇన్నాళ్లూ సరిపోయింది.

పొద్దున బయల్దేరేటప్పుడు విజయభాస్కర్ గట్టిగా చెప్పాడు. "కరెంటు తీసేసి పెట్టె ఊడదీసుకొని రా. పిడుగుకు బోర్డు పోయిందని రిపోర్టు ఇద్దాం. అక్కడ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడొద్దు."

షెడ్డులో పెట్టె మీద పచ్చలైటు హాయిగా వెలిగి ఆరుతోంది. పిడుగుకు పోయిన బోర్డు మీద లైటు వెలగదు. అబిగయీలు కరెంటు తియ్యలేదు. తీస్తే లోపలి జ్ఞాపకమంతా తుడిచిపెట్టుకు పోతుంది, ఏం జరిగిందో ఇక ఎవరికీ తెలీదు. మేత బస్తాల మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని, పెట్టె మూత విప్పి కేబుల్ తగిలించింది. ఈగలు కీబోర్డు మీద వాలుతున్నాయి. చేత్తో తోలుతూనే చూసింది.

ప్రాసెసర్ ఒకేచోట గిరగిరా తిరుగుతోంది.

పెట్టెలో చాలా పనులు ఒకేసారి నడుస్తున్నట్టు కనిపిస్తాయి గానీ, చేసే ప్రాసెసర్ ఒక్కటే. ఎవరి వంతు ఎప్పుడో చెప్పేది కెర్నల్. వంతు కోసం నిలబడ్డ పనుల్ని అది వరసలో పెట్టుకుంటుంది. తన వెనకాల ఎవరున్నారో ప్రతి పనీ గుర్తు పెట్టుకోవాలి. ఫోనుకు కబుర్లు పంపే పని వెనకాల ఎవరున్నారా అని అబిగయీలు చూసింది. మళ్లీ అదే పని ఉంది. తన వెనకాల తానే నిలబడ్డట్టు. కెర్నల్ ఆ వరస చివర కోసం వెతుకుతూ మొన్న సాయంత్రం నుంచి దాని చుట్టూనే తిరుగుతోంది. ఆక్సిజన్ చూసే పనికి ఇక వంతే రాలేదు. ఏరియేటర్లు ఆగి ఉన్న సమయంలో ఇలా ఇరుక్కుంది కాబట్టి, అవి ఆగినవి ఆగినట్టే ఉండిపోయాయి.

ఎలా మెలిపడిందో వెతకడానికి ఎక్కువ సేపు పట్టలేదు. వరసను మార్చే ఆ నాలుగు ఆదేశాలసేపు ప్రాసెసర్ బయటి పిలుపులకు, అంటే ఇంటరప్టులకు, చెవులు మూసుకోవాలి. కెర్నల్ రాసేవాళ్లు మొట్టమొదట నేర్చుకునే పాఠం అది. సిమ్ కార్డు మెసేజీలు తప్పిపోతున్నాయని ఎవరో ఆ చెవులు మూసే లైన్లను తీసిపారేశారు. మొన్న సాయంత్రం కెర్నల్ వరసను సగం సర్దుతుండగా సిమ్ నుంచి పిలుపొచ్చింది. వచ్చినది అదే వరసలో చెయ్యి పెట్టింది, వరస మెలిపడింది.

సరే, అది తప్పు. తప్పులు ఎవరైనా చేస్తారు. అలాంటి రోజు కోసమే చిప్పులో వాచ్‌డాగ్ అని, అంటే కాపలా కుక్క అని, ఒక గడియారం ఉంటుంది. పనులన్నీ సవ్యంగా నడుస్తున్నంతసేపూ ప్రోగ్రామ్ దానికి 'నేను బాగానే ఉన్నా' అని చెబుతూ ఉండాలి. ఆ మాట ఆగిపోతే అది మొత్తం సిస్టమ్‌ను మళ్లీ మొదటినుంచి లేపుతుంది. మొన్న సాయంత్రమే లేపి ఉండాలి. లేపి ఉంటే హజరత్తయ్య రొయ్యలు ఇప్పుడు ఈదుతూ ఉండేవి.

ఎందుకు లేపలేదో టైమర్ ఇంటరప్టులో దొరికింది. పనుల గొడవ ఎలా ఉన్నా టైమర్ ఆగదు, క్షణక్షణం కొట్టుకుంటూనే ఉంటుంది. అక్కడ రెండే రెండు లైన్లు. ఒకటి పచ్చలైటును వెలిగించి ఆర్పుతోంది. రెండోది వాచ్‌డాగ్‌కు 'బాగానే ఉన్నా' అని చెబుతోంది. లోపల అన్నీ చచ్చి పడి ఉన్నా, బాగానే ఉన్నామన్న కబురు మాత్రం ఆగదు.

అబిగయీలు ఆ లైను వైపు చూస్తూ ఉండిపోయింది. ల్యాప్‌టాప్ పక్కకు నెట్టి, గట్టు అవతలికి పరుగెత్తి కక్కుకుంది. హజరత్తయ్య కాలితో నీళ్ల సీసాను ఆమె వైపు తోశాడు.

ముఖం కడుక్కొని విజయభాస్కర్‌కు ఫోను చేసింది.

"సార్, వాచ్‌డాగ్‌ను టైమర్‌లో పెట్టిందెవరు?"

"నేనే. ఏం?"

"సిస్టమ్ ఇరుక్కుపోయినా అది పట్టుకోలేదు సార్."

"పట్టుకోకూడదనే కదా పెట్టింది. అంతకుముందు పెట్టె ఊరికే రీస్టార్ట్ అవతా ఉంటే రైతులు ఫోన్లు చేసి చంపేసినారు. ఆ లైను పెట్టినాక ఒక్క కంప్లైంట్ లేదు, తెలుసా?"

గొప్పగానే చెప్పాడు. పరీక్షలో మార్కులొచ్చిన పిల్లవాడి గొంతు.

"ఎందుకు రీస్టార్ట్ అవుతోందో చూడలేదా సార్?"

"చూసే టైమ్ ఎవరికుండాది? ముందు సరుకు పోవాల. నువ్వు కరెంటు తీసి వచ్చెయ్."

అన్నం ముద్దలో వెంట్రుక తగిలినట్టయింది ఆమెకు. ఉమ్మేద్దామంటే మాట కదా, బయటికి రాదు. పెట్టె జ్ఞాపకాన్నంతా ల్యాప్‌టాప్‌లో భద్రం చేసుకొని, హజరత్తయ్య దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చుంది.

"అన్నా, పిడుగు కాదు. తప్పు మా పెట్టెదే. లోపల ఆగిపోయినా బాగున్నట్టు లైటు చూపిస్తా ఉండాది. కావాలనే అట్టా రాసినారు."

హజరత్తయ్య నేలవైపే చూస్తూ అన్నాడు. "కాపలాకి పెంచలప్రసాద్ అని ఒకడు ఉన్న్యాడు నా దగ్గర. పచ్చలైటు వెలగతానే ఉండాది అన్నా, నేను చూస్తానే ఉండినా అని మొత్తుకున్న్యాడు. నిద్రపోయి అబద్ధాలు చెప్తా ఉండావని అందరిముందూ చెంప పగలగొట్టినా. పన్లోంచి తరిమేసినా."

అంటూనే లేచి, షెడ్డు గుమ్మంలో నిలబడి, పెట్టె మీద కాండ్రించి ఉమ్మేశాడు. "నువ్వు ఆడకూతురివి, నిన్నేమీ అన్ను. ఆ పెట్టె అట్నే ఉండనీ. ఊడదీస్తే ఊరుకోను."

"ఊడదియ్యను" అంది అబిగయీలు. తియ్యాలని ఆమెకూ లేదు.

స్కూటీ ఎక్కబోతుండగా ఇంకో సంగతి తట్టి ఆగిపోయింది. ఇవే పెట్టెలు కావలి వైపూ చిట్టమూరు వైపూ ఎన్నో గుంటల మీద ఉన్నాయి. అన్నిట్లోనూ అదే కెర్నల్. వాటిలో ఎన్ని ఈపాటికే చచ్చి లైటు వెలిగిస్తున్నాయో ఎవరికి తెలుసు? ఆఫీసులో రైతుల ఫోన్లు చూసే షారన్‌కు ఫోను చేసింది.

"షారన్, పెట్టెలున్న రైతులందరికీ ఫోన్లు చెయ్యాలి. స్విచ్ మాన్యువల్‌కు తిప్పి, ఏరియేటర్లు చేత్తో వేసుకోమని చెప్పాలి. ఇప్పుడే."

"సార్‌ను అడిగినావా?"

"లేదు."

"సరే, సగం నేను చేస్తా. సగం నెంబర్లు నీకు పంపిస్తా అక్కా" అంది షారన్.

గట్టు మీద ఎండలో నిలబడి అబిగయీలు ఒక్కొక్కరికీ చెప్పింది. కొందరు తిట్టారు. కొందరు నమ్మలేదు. చిట్టమూరు దగ్గర రంగనాయకులు అనే రైతు నవ్వాడు. "మాది బంగారంలా ఉండాది మేడమ్, లైటు కొడతా ఉంటే!" అన్నాడు. "లైటు కాదు, ఊరికే ఒక్కసారి ఫోన్లోంచి ఏరియేటర్ వెయ్యండి, తిరుగుతుందేమో చూడండి" అందామె. కాసేపటికి ఆయనే ఫోను చేశాడు. గొంతులో నవ్వు లేదు. "తిరగలా. ఎప్పుడు చచ్చిందో ఏందో. చేత్తో వేసినా." పెట్టేసే ముందు ఒక బూతు మాట అన్నాడు. అది తనకో పెట్టెకో అబిగయీలుకు అర్థం కాలేదు. రెండింటికీ అయినా తప్పులేదనుకుంది.

ఆఫీసుకు వెళ్లేసరికి విజయభాస్కర్ ముఖం ఎర్రగా ఉంది. కేకలేశాడు. కంపెనీ పరువు తీశావన్నాడు. ఆమె వింది. ఆయన ఆయాసపడి ఆగినప్పుడు, వరస చెడకుండా చెవులు మూసే లైన్లను తిరిగి పెడతానని, సిమ్ మెసేజీలు తప్పిపోకుండా వేరే దారి రాస్తానని, వాచ్‌డాగ్‌కు పనులన్నీ విడివిడిగా హాజరు చెప్పాకే కబురు పోయేలా మారుస్తానని చెప్పింది. ఆయన చెయ్యమన్నాడు. ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడా అనుకుంది.

వారం తిరక్కుండా చేసింది. బల్ల మీద పెట్టెను వరసబెట్టి హింసించింది, సిమ్ పిలుపుల వాన కురిపించింది. వరస మళ్లీ మెలిపడలేదు. కానీ వాచ్‌డాగ్ మాత్రం రెండుసార్లు పెట్టెను లేపింది. అంటే ఇంకా ఏవో తప్పులున్నాయి, ఇన్నాళ్లూ ఆ కుక్కను అరవనివ్వకపోవడంతో దాగి ఉన్నవి. వాటినీ వెతుకుతానని చెప్పి ఇంటికి పోయింది. మర్నాడు వచ్చి చూస్తే టైమర్‌లో ఆ పాత లైను మళ్లీ ఉంది. ఎవరు పెట్టారని అడగాల్సిన పని లేదు.

"రీస్టార్ట్ అయితే రైతులు భయపడతారమ్మా" అన్నాడు విజయభాస్కర్ మెల్లగా, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు. "ఎల్లుండి ఇందుకూరుపేటలో రైతుల మీటింగ్ పెట్టినా. నువ్వూ రా. అంతా సరిచేసినామని నీ నోటితో చెప్తే వాళ్లకు ధైర్యం."

అబిగయీలు వెళ్లింది. షామియానా కింద రైతులు నిండుగా ఉన్నారు. హజరత్తయ్య ముందు వరసలో కూర్చున్నాడు. వెనక, స్తంభానికి ఆనుకొని, ఎవరితోనూ కలవకుండా ఒకతను నిలబడి ఉన్నాడు. అతనే పెంచలప్రసాద్ అని పక్కనెవరో చెప్పారు. విజయభాస్కర్ ఎండల గురించీ పిడుగుల గురించీ మాట్లాడి మైకు ఆమె చేతికిచ్చాడు.

ఆమె మైకు బల్ల మీద పెట్టి, సంచిలోంచి ఒక పెట్టె తీసింది. పక్కనే చిన్న ఫ్యాను తగిలించింది. ఫ్యాను తిరిగింది. "మీ గుంటల మీద ఉన్న పెట్టె ఇదే" అంది. ఫోన్లోంచి ఫ్యానును ఆపింది. ల్యాప్‌టాప్‌లోంచి వరసను తానే మెలిపెట్టింది. "ఇప్పుడు పెట్టె లోపల చచ్చిపోయింది. వచ్చి చూడండి."

జనం లేచి దగ్గరికొచ్చారు. ఫోన్లోంచి ఎంత నొక్కినా ఫ్యాను కదల్లేదు. పచ్చలైటు మాత్రం నిదానంగా వెలిగి ఆరుతోంది.

"ఆయన నిద్రపోలేదు" అంది అబిగయీలు, స్తంభం వైపు చూపించి. "దీన్ని చూసుకుంటా మేలుకొనే ఉన్నాడు. లోపల చచ్చినా పైకి తెలియనీకుండా కావాలని రాసిన లైను ఇది. నేను తీసినాను, మళ్లీ పెట్టినారు."

ఒక్కసారిగా గోల లేచింది. ఎవరో విజయభాస్కర్ చొక్కా పట్టుకున్నారు. హజరత్తయ్య మాత్రం అటు పోలేదు. కుర్చీలు తప్పించుకుంటూ వెనక్కి నడిచి, పెంచలప్రసాద్ ముందు నిలబడి చేతులు జోడించాడు. పెంచలప్రసాద్ ఆ చేతుల వైపు కాసేపు చూసి, తల తిప్పుకొని, షామియానా బయటికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఏ రైతూ పాత లైనుతో పెట్టెను గుంట మీద ఉండనివ్వలేదు. విజయభాస్కర్‌కు ఇంకో దారి లేకపోయింది. అబిగయీలు రాజీనామా రాసిచ్చింది గానీ, అన్ని పెట్టెలూ మారేదాకా ఉంటానంది. మిగిలిన తప్పుల్లో ఒకటి సెన్సార్ చదివే చోట దొరికింది, ఇంకొకటి ఒక పనికి కేటాయించిన జ్ఞాపకం చాలని చోట. రెండూ సరిచేసింది. గుంట గుంటకూ తిరిగి కొత్త కెర్నల్ ఎక్కించింది. ఎక్కడా ఆమెకు మంచినీళ్లు తప్ప ఏమీ తాగబుద్ధి కాలేదు. తలస్నానం చేసినా జుట్టులోంచి ఆ కంపు పోయినట్టనిపించలేదు.

ఆఖరి రోజు ఆఫీసులో కుర్చీలు వేసి ఉన్నాయి. విజయభాస్కర్ నవ్వుతూ ఎదురొచ్చి ఆమె భుజాల మీద శాలువా కప్పాడు. షారన్ చేతికి ఫోనిచ్చి ఫోటో తియ్యమన్నాడు. "మా ఇంజనీరు నిజాయితీ, మా కంపెనీ నాణ్యత, అని పెడదాం. మీటింగ్ వీడియో కూడా ఎడిట్ చేయిస్తా ఉండా. భలే పేరొచ్చింది మనకి!"

అబిగయీలు ఆయన ముఖంలోకి చూసింది. సిగ్గు ఎక్కడైనా కనపడుతుందేమోనని వెతికింది. నిజంగానే సంతోషంగా ఉన్నాడాయన. షారన్ ఫోను దించేసింది.

అబిగయీలు శాలువా తీసి కుర్చీ వీపుకు వేసి, ల్యాప్‌టాప్ సంచి తగిలించుకొని, మెట్లు దిగి వీధిలోకొచ్చింది. మూలన కొళాయి కనబడితే ఆగి, రెండు చేతులూ మోచేతుల దాకా కడుక్కుంది.