నాలుకల మేస్త్రి

“నాలుక చాపు. ఇంకా. ఆఁ, ఎడమ పక్కకి తిప్పు.”

వెంకటకృష్ణయ్య బ్యాటరీ లైటు నొక్కి రత్తాలు నోట్లోకి తొంగి చూశాడు. పట్టపగలు పదకొండు గంటలు. రోహిణి కార్తె ఎండకి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. అయినా ఆయనకు లైటు ఉండాల్సిందే. ఎండను నమ్ముకుంటే ఎట్లా? దవడ పళ్ళ సందుల్లోకి ఎండ వెళ్తుందా?

“ఏంటి బాబాయ్, పెళ్ళిచూపులక్కూడా నన్నింతసేపు చూళ్ళేదు,” అంది రత్తాలు నాలుక లోపలికి లాక్కుని.

“చాల్లే, నడువు. తర్వాతెవరు?”

అరవై ఎనిమిదో సంవత్సరం వేసవి. తెనాలిలో నందివెలుగు రోడ్డు పక్కన చలపతిరావుగారి చాక్లెట్ల షెడ్డు అది. కోకో పొడి, పంచదార, పాలపొడి, వనస్పతి కలిపి ఉడికించి, పళ్ళేల్లో పోసి ఆరబెట్టి, ముక్కలు కోసి రంగు కాగితాల్లో చుడతారు. చుట్టేది పన్నెండుమంది ఆడవాళ్ళు. ఎండ ముదిరేలోగా డబ్బాలు రేపల్లె బండికీ, బాపట్ల బండికీ ఎక్కాలి. ఆలస్యమైందా, సరుకు కరిగి, మళ్ళీ గట్టిపడి, పైన తెల్లగా పూస్తుంది. బాపట్ల కొట్లవాళ్ళు బూజు పట్టిందని వెనక్కి పంపేస్తారు. అది బూజు కాదయ్యా, లోపలి కొవ్వు పైకి తేలింది, తింటే ఏం కాదు అని చలపతిరావు ఎన్నిసార్లు చెప్పినా వెంకటకృష్ణయ్య నమ్మలేదు. తెల్లగా కనిపించిందంటే ఏదో మతలబు ఉందనే ఆయన నమ్మకం.

పేరుకు మేస్త్రి గానీ ఆయన పని ఒక్కటే. తెల్లారకముందే పనిలోకొచ్చి పదకొండింటికి దిగి ఇంటికి పోయే ప్రతి మనిషి నాలుకా చూడాలి. చాక్లెట్ తిన్న నాలుక గోధుమరంగుకి తిరుగుతుంది. ఆకూ వక్కా వేసుకుంటే ఆ ఎరుపులో ఈ రంగు దాక్కుంటుందని షెడ్డులో తాంబూలం మాన్పించింది కూడా ఆయనే. పదకొండేళ్ళుగా రోజుకు పన్నెండు నాలుకలు. ఎవరి నాలుక మీద ఎక్కడ గాటుందో వాళ్ళ మొగుళ్ళకు తెలియకపోయినా ఈయనకు తెలుసు.

అంతకుముందు సినిమా హాలు గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు. అప్పట్నుంచీ ఆయన కంటికి లోకమంతా దొంగటిక్కెట్టు మీద లోపలికొచ్చినట్టే ఉంటుంది. పనికొచ్చేముందు ఇంట్లో పాలగిన్నెకు సుద్దముక్కతో గీత పెడతాడు. “నా నాలుక కూడా చూసిపో,” అని భార్య దుర్గాంబ దెప్పుతుంది. ఒకటి రెండుసార్లు చూశాడు కూడా, మహానుభావుడు! తాను మాత్రం షెడ్డు సరుకు ఇంతవరకూ వేలితో ముట్టి నాకింది లేదు. గేటు తాళం వేసేముందు చలపతిరావు అడక్కపోయినా ఎదురుగా నిలబడి నాలుక చాపి చూపిస్తాడు. పాపం, చలపతిరావే మొహం తిప్పుకుంటాడు.

అలాంటి మనిషిని పట్టుకుని ఆ పొద్దున చలపతిరావు అనేశాడు.

“కృష్ణయ్యా, పాలపొడి తగ్గిపోతోంది. ఎటు పోతోందో ఇవాళ తేల్చు. నీవల్ల కాదంటే చెప్పు, గేటు దగ్గర ఇంకొకళ్ళని చూసుకుంటాను.”

యాభైనాలుగేళ్ళ వయసులో ఆ గేటు పోతే ఆయనకింకో గేటు దొరకదు. అయినా లోలోపల పొంగిపోయాడు. దొంగ ఎవరో ఆయనకు మాఘమాసం నుంచీ తెలుసు మరి.

రాజమ్మ. షెడ్డులో అందరికన్నా పెద్దది. చివర పీట మీద కూచుని, చూపు ఎక్కడో పెట్టుకుని, వేళ్ళతో చాక్లెట్ కాగితం రెండు కొసలూ ఒక్క తిప్పు తిప్పేది. ఆయన్ని తమ్ముడూ అనేది. ఆవకాయ పెట్టిన ఏడు ఓ చిన్న జాడీ తెచ్చిచ్చింది. ఎందుకిచ్చిందోనని వెంకటకృష్ణయ్య ముందు దుర్గాంబ చేత తినిపించాడు.

షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా చేరినవాళ్ళని మొదటి వారం కడుపు పగిలేలా తినమంటారు. నాలుగోరోజుకల్లా ఆ వాసనంటేనే వెగటు పుడుతుంది. “ఇంటికెళ్ళి పచ్చిమిరగాయ కొరుక్కుంటేగానీ నోరు నోరులాగుండదు తమ్ముడూ,” అనేది రాజమ్మ. ఆమె నాలుక మీద ఏనాడూ గోధుమరంగు కనపడలేదు. అదీ ఆయన అనుమానం. ఇంత శుభ్రంగా ఎందుకుండాలి?

మాఘమాసంలో ఒకరోజు లైటు వెలుగులో ఆమె నాలుక ఎడమ అంచున బియ్యపుగింజంత తెల్లటి చుక్క కనిపించింది. ఉగాదికి చిక్కుడుగింజంత అయింది. పాలపొడి కాక మరేంటి? వెంకటకృష్ణయ్య పైకి అనలేదు. దొంగను సరుకుతో సహా పట్టుకోవాలని కాచుకున్నాడు. రోజూ అందరికన్నా ఆమె నోట్లోకి కాసేపెక్కువ చూసి, “సరే అక్కా, వెళ్ళిరా,” అనేవాడు. పైగా గేటు దగ్గరికొచ్చే ముందు ఆమె బావి దగ్గర నోరు పుక్కిలించడం కూడా కనిపెట్టాడు. ఇంక సాక్ష్యం ఏం కావాలి?

ఇవాళ రత్తాలు వెళ్ళగానే, మిగతావాళ్ళను వరసలో నిలబెట్టి, ఖాళీ డబ్బాల చాటు నుంచి చూశాడు. రాజమ్మ చేద లాగింది. రొంటిన ముడి విప్పి తెల్లటిదేదో గీకి నోట్లో వేసుకుంది.

“ఆగక్కడ!” అని అరుస్తూ ఉరికాడు. ఆ అరుపుకి ఆడవాళ్ళంతా మూగారు. పక్క వాటాలోంచి చలపతిరావు భార్య హైమావతి తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది.

“చూడండమ్మా, మీ పాలపొడి! గడ్డ కట్టించి మరీ దాచుకుంది!”

రాజమ్మ అరచెయ్యి చాపి చూపించింది. నిమ్మకాయంత తెల్లటి ముక్క. మధ్యలో బొటనవేలు పట్టేంత గుంట పడింది. రుజువు చెయ్యాలన్న ఆవేశంలో వెంకటకృష్ణయ్య పదకొండేళ్ళ వ్రతం మరిచిపోయి దాన్ని లాక్కుని నాలుకకు రాసుకున్నాడు.

నోరంతా పిడచకట్టుకుపోయింది. అది పటిక.

“పుండు తమ్ముడూ,” అంది రాజమ్మ. “పటికనీళ్ళు పుక్కిలిస్తన్నా.”

“ఎన్నాళ్ళనుంచే?” అంది హైమావతి.

“మాఘమాసం నుంచండి. ముద్ద దిగట్లా. మా అమ్మాయి కోటేశ్వరమ్మ బాపట్ల నుంచొచ్చి గుంటూరు పెద్దాసుపత్రికి పోదాం రమ్మంది. నేనే వద్దన్నానండి. తమ్ముడు రోజూ లైటేసి మరీ చూస్తానే ఉన్నాడు గదా, ఏదన్నా ఉంటే చెప్పడా అనుకున్నా.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది.

“పాలపొడి నేనేనండీ,” అంది హైమావతి తలొంచుకుని. “కాఫీలోకి తీస్తున్నా. ఆయనకి చెప్పలేదు.”

ఆ సంగతి వెంకటకృష్ణయ్య చెవికెక్కలేదు. పాలపొడి నాలుక తడికి క్షణంలో కరిగిపోతుంది. నాలుగు నెలలు ఒక్కచోటే ఉండి పెరగదు. ఈ పాటి ఇంగితం తనకు ఎందుకు లేకపోయింది? ఆయనకు తన కళ్ళ మీదే అసహ్యమేసింది.

“అక్కా, రేపే గుంటూరు వెళ్ళు,” అన్నాడు. చేతిలో పటిక ముక్కను ఏం చెయ్యాలో తెలియక బావి గట్టు గూట్లో పెట్టాడు.

రాజమ్మ క్యారేజీ తీసుకుని గేటు దగ్గరికి నడిచింది. అలవాటు కొద్దీ ఆయన ముందు ఆగి, నాలుక చాపింది. వెంకటకృష్ణయ్యకు లైటెత్తడానికి చెయ్యి రాలేదు.

గుంటూరు డాక్టర్లు ఇంతాలస్యం ఎందుకు చేశారని కోటేశ్వరమ్మని కేకలేశారట. శ్రావణంలో బాపట్ల నుంచి కబురొచ్చింది, రాజమ్మ పోయిందని. ఆ పూట కూడా చాక్లెట్లు చుట్టి బండికి పంపారు.

పదకొండింటికి రత్తాలు గేటు దగ్గర నాలుక చాపింది. వెంకటకృష్ణయ్య లైటు మెల్లగా అటూ ఇటూ తిప్పాడు.

“ఈ పక్కన మంటేమన్నా ఉందామ్మా? అన్నం తింటుంటే నొప్పుందా?”

రత్తాలు చటుక్కున నోరు మూసుకుంది. ఆయన్ని ఎగాదిగా చూసింది.

“ఇదేంటి బాబాయ్, కొత్త ఎత్తా? నేనేం తిన్లేదు.”

వెనక నిలబడ్డవాళ్ళు కూడా నోళ్ళు బిగించారు. ఆయన మాట ఒక్కరూ నమ్మలేదు. బావి గట్టు గూట్లో, రాజమ్మ బొటనవేలి గుంట ఉన్న పటిక ముక్క, శ్రావణపు జల్లుకి కొద్దికొద్దిగా కరుగుతూ ఇంకా తెల్లగానే ఉంది.