గట్టు దాటిన తీగలు

బ్రెడ్డు బండి కొండ మలుపులో హారన్ కొడితే, ఉగెట్ చేతులు తుడుచుకుంటూ గేటు దాకా వచ్చేది. “ఒకటి” అనేది. తమ్ముడు ఆన్సెల్మ్ పోయాక చాలా రోజులు ఆవిడ నోటి నుంచి వచ్చే మాట అదొక్కటే.

ఫ్రాన్సులో, రోన్ నదికి పైన, కాలు జారేంత ఏటవాలు కొండ మీద, వాళ్ళ తాత రాళ్ళు పేర్చి గట్లు కట్టి వేసిన ద్రాక్షతోట అది. పెద్దదేం కాదు. దాని తెల్ల వైను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే, అప్పుడే చీల్చిన ఆప్రికాట్ పండులా గుప్పుమనేది. అక్కాతమ్ముళ్ళిద్దరూ పెళ్ళి చేసుకోలేదు. పొద్దస్తమానం తీగల మధ్య పోట్లాడుకుంటూనే పని చేసేవాళ్ళు. ఇప్పుడు పోట్లాడటానికి మనిషి లేడు.

ఆ చలికాలం పై వరస తీగలు లేచి వెళ్ళిపోయాయి. ఊతకర్రలు ఉన్నచోటే ఉన్నాయి. వేళ్ళు పెరుక్కున్న చోట నేల గుల్లబారింది. తీగలేమో గట్టుకి అవతల, పక్క రైతు లెయాన్స్ చేలో, కుదురుగా పాతుకుని ఉన్నాయి. ఊళ్ళో ఎవరూ వింతపడలేదు. మనుషుల మాటలు వినపడకపోతే తీగలు విసిగి వెళ్ళిపోవడం ఆ కొండ మీద ఇంతకు ముందూ జరిగింది. బాటకి అడ్డం వచ్చాయని పోస్టుమాన్ మాత్రం కాసేపు సణిగి, చుట్టూ తిరిగి పోయాడు.

లెయాన్స్ ఆవిడతో ఒకే బడిలో చదివినవాడు. భార్య పోయింది. చెవిటి కుక్కతో, రాళ్ళతో, వానతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాడు. టోపీ తీసి గేటు దగ్గర నిలబడి, తీగల్ని తనేమీ పిలవలేదని, కాయలు ఆవిడవేనని, వచ్చి కోసుకెళ్ళమని చెప్పాడు. ఉగెట్ తల ఊపి తలుపేసుకుంది.

ఆవిడా ప్రయత్నించింది. తీగల మధ్య నిలబడి గొంతు సవరించుకుని, మబ్బు పట్టిందని చెప్పింది. తన గొంతు తనకే పరాయిగా వినపడి, సిగ్గేసి లోపలికి వచ్చేసింది. మరుసటి చలికాలం సగం తోట గట్టు దాటింది.

తోట అమ్మేసి, లియోన్ నగరంలో పినతల్లి కూతురి దగ్గరికి వెళ్ళిపోదామనుకుంది. కొనడానికి వచ్చినాయన బోసిపోయిన గట్లు చూసి, తీగలు తిరిగొచ్చాక కబురు చెయ్యమని మర్యాదగా వెళ్ళిపోయాడు.

తీగ ఎవరి చేలో ఉన్నా కత్తిరింపు తప్పదు. ఉగెట్ కత్తెర పట్టుకుని గట్టెక్కింది. పక్క వరసలో లెయాన్స్ తన మానాన తను మాట్లాడుకుంటున్నాడు. ఆవిడ వంచిన తల ఎత్తలేదు. మధ్యాహ్నానికి అతని మాట ఆగింది. చూస్తే, ఆన్సెల్మ్ నాటిన ముసలి తీగ ముందు నిలబడి ఉన్నాడు.

“దీనికి రెండు కణుపులుంచి కోస్తా,” అన్నాడు.

“వద్దు. మావాడు మూడుంచేవాడు.”

“మీవాడిది తప్పు.”

“తప్పేనని జీవితమంతా చెప్పాను. విన్నాడా? మూడే ఉంచు.”

అతను మూడే ఉంచాడు. ఆవిడ ఇక ఆగలేకపోయింది. తమ్ముడి మొండితనం, వాడి దగ్గు, ఆఖరి రోజు తనతో అలిగి తినకుండా వదిలేసిన సూపు, అన్నీ చెబుతూనే ఉంది. లెయాన్స్ తన జన్మలో మొదటిసారి అంతసేపు నోరు మూసుకుని విన్నాడు.

వెళ్ళిన తీగలు తిరిగి రాలేదు. ఉన్నవి కదల్లేదు. ఆ శరత్కాలం రెండు చేల కాయలూ కలిపి ఒకే పీపాలోకి పిండారు. లెయాన్స్ గట్టు మధ్యలో రాళ్ళు తీసి, మనిషి పట్టేంత సందు చేశాడు. తీగలు నడవడానికని ఊళ్ళో చెప్పాడు.

ఆ సందులోంచి ఒక్క తీగా వెళ్ళలేదు. రోజూ పొద్దున ఉగెట్ వెళ్ళేది.